కోరంగి రేవును పూడ్చింది ఒండ్రు

కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది చొల్లంగి దాటాక మడ అడవి దగ్గర దిగుతారు. చెక్క వంతెన మీద నడిచి, పడవెక్కి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ అడవికి పేరునిచ్చిన ఊరు పక్కనే ఉంది, అది మాది.

ఇప్పుడు చేపల పడవలు తప్ప కనపడవు గానీ, రెండొందల ఏళ్ల కిందట ఈ తీరంలో కోరంగి పెద్ద రేవు. గోదావరి పాయ ఇక్కడ కాకినాడ అఖాతంలో కలుస్తుంది. బయట సముద్రం ఎంత రేగినా లోపల నీళ్లు నెమ్మదిగా ఉండేవి కాబట్టి, దెబ్బతిన్న ఓడలు బాగుచేయించుకోవడానికి ఇక్కడికే వచ్చేవి. 1802లో ఎబనేజర్ రోబక్ అనే ఇంగ్లిషు ఆయన మరమ్మతుల కోసం డాక్ కట్టించాడు. ఆ పనితనం పూర్తిగా పోలేదు. పక్కన తాళ్లరేవులో ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. పలకకీ పలకకీ మధ్య సందులో దూది కూరి, ఉలి మీద సుత్తితో కొట్టి బిగిస్తారు. కాసేపు నిలబడి చూడవలసిన పని అది.

కోరంగి అనగానే అందరూ ఉప్పెన గురించే చెబుతారు. 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటిగా మూడు పెద్ద కెరటాలు వచ్చాయి. మొదటిది ఓడలను ఒడ్డుకు విసిరేస్తే, మిగతా రెండూ ఊళ్లను ముంచేశాయి. 1839 నవంబరు 25న మళ్లీ ఉప్పెన. అందులో మూడు లక్షలమంది పోయారని పుస్తకాల్లో రాస్తూ వస్తున్నారు. ఆ లెక్క మీద నాకు నమ్మకం లేదు. చచ్చిపోయినవాళ్లను పెంచి చెప్పడం వాళ్లకు గౌరవం కాదు. ఆ దెబ్బతో రేవు అంతరించిందన్న మాటా నేను ఒప్పుకోను. 1789లో అంత జరిగాక, పదమూడేళ్లకే కదా ఇక్కడ డాక్ లేచింది!

రేవును పూడ్చింది ఒండ్రు. ఏటేటా వరదలతో గోదావరి తెచ్చిన మట్టి పాయ ముఖాన మేట వేస్తూ పోయింది. లోతు తగ్గింది, పెద్ద ఓడలు రావడం మానేశాయి, వ్యాపారం కాకినాడకు తరలింది. ఇది ఒక్క రాత్రి కథ కాదు కాబట్టి ఎవరూ చెప్పుకోరు.

అయితే ఆ ఒండ్రు మీదే మడ అడవి నిలబడింది. అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఇసుక మేట సాగింది. 1978లో ఈ అడవిని అభయారణ్యం చేశారు. బావురుపిల్లులూ నీరుకుక్కలూ ఉన్న చోటు ఇది. చూడాలనుకుంటే పాటు సమయంలో రండి. నీళ్లు వెనక్కి తీశాక మడచెట్ల చుట్టూ వేలెడు వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకుని కనిపిస్తాయి. బురదలోని వేళ్లకు గాలి అందేది వాటితోనే. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవకండి, దాని పాలు కంట్లో పడితే మంట.

ఈ రేవు నుంచి సరుకే కాదు, మనుషులూ వెళ్లారు. రంగం, అంటే రంగూన్, వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసిన తెలుగువాళ్లను, ఏ జిల్లావాళ్లయినా సరే, బర్మావాళ్లు కోరంగీలనే పిలిచారు. 1930 మేలో రంగూన్ రేవులో మనవాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దించారు. సమ్మె ముగిశాక ఆ బర్మా కూలీలను తీసేయడంతో అల్లర్లు రేగి మనవాళ్లు ఎందరో చనిపోయారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లు కొందరైతే, దారిలోనే పోయినవాళ్లు ఎందరో. ఇంత పెద్ద వలస గురించి మన బడి పుస్తకాల్లో పిల్లలకు చెప్పవలసినంత చెప్పడం లేదు.

అందుకే ఈ విన్నపం. మీ ఇంట్లో తాతలు రంగం వెళ్లి ఉంటే, ట్రంకుపెట్టె అడుగున ఉత్తరమో, ఓడ టిక్కెట్టో, ఫొటోనో ఉందేమో వెతకండి. ఫొటో వెనక పేరూ ఊరూ రాసి పెట్టండి. కోరంగి వచ్చినప్పుడు అడవి చూశాక ఊళ్లోకీ ఒకసారి రండి. పాత సంగతులు చెప్పే పెద్దవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు.