హోల్‌స్టెన్ ద్వారం ముందున్న ద్వారం

ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ నగరం పేరు చెప్పగానే చాలామందికి స్ఫురించేది హోల్‌స్టెన్‌టోర్. జర్మన్ భాషలో 'టోర్' అంటే ద్వారం. పడమట హోల్‌స్టైన్ సీమకు పోయే బాట మీద ఉండడం చేత దానికి ఆ పేరు వచ్చింది. రెండు లావుపాటి ఇటుక బురుజులు, వాటి మీద మొనదేరిన కప్పులు. వెనుకటి పశ్చిమ జర్మనీ యాభై మార్కుల నోటు మీదా, 2006 నాటి రెండు యూరోల నాణెం మీదా దాని బొమ్మను చూడవచ్చు. అయితే నేను చెప్పదలచినది దానికి ముందు నిలిచి, నేడు ఆనవాలు లేకుండా పోయిన మరొక ద్వారం సంగతి.

ఒకానొక కాలంలో పడమటి నుంచి వచ్చే బాటసారి ఒకదాని వెంట ఒకటిగా నాలుగు ద్వారాలు దాటితే గాని ఊరిలో అడుగు పెట్టలేకపోయేవాడు. అన్నిటికంటె పాతది ట్రావె నది ఒడ్డున ఉన్న మధ్యయుగపు లోపలి ద్వారం. దాని ఆవల, నేడు మిగిలి ఉన్న ద్వారాన్ని 1464–1478 మధ్య హిన్రిక్ హెల్మ్‌స్టెడే నిర్మించాడు. 1585లో దాని ముందు మూడవది లేచింది. 1621లో కొత్త మట్టికోటతో పాటు నాలుగవది వెలసింది. హన్సా వర్తకసంఘానికి తలమానికమైన ఊరు కదా, కాపాడుకోవలసిన సంపద అటువంటిది!

కట్టడానికి శతాబ్దాలు పట్టినవి పోవడానికి అంత కాలం పట్టలేదు. లోపలి ద్వారాన్ని 1794లో తీసివేసి సాదాగా ఒకటి నిలిపారు. 1828లో అదీ పోయింది. నాలుగవది 1808లోనే పోయింది. 1851లో ఊరికి రైలు వచ్చింది. దాని దారికి అడ్డమని 1853లో 1585 నాటి ద్వారాన్ని కూల్చివేశారు.

ఇక మిగిలినది ఒక్కటి. నేల మెత్తనిది కావడంతో దాని బురుజులు కట్టేనాడే కుంగడం మొదలుపెట్టాయి. ఆ ఒరిగిన శిథిలాన్నీ తొలగించమని 1855లో పౌరులు వినతిపత్రం ఇచ్చుకున్నారు. వాదోపవాదాలు ఎనిమిదేండ్లు నడిచాయి. కడకు 1863లో నిలుపుదామన్న పక్షం ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గింది. ఆ చేయి ఎవరిదో గాని, ల్యూబెక్ దానికి ఋణపడి ఉన్నది.

తెలుగు పండితునిగా నా మనసు రాళ్ళకన్న రాతల వైపు ఎక్కువగా పోతుంది. కూలిన 1585 ద్వారం మీద లాటిన్ శాసనం ఒకటి ఉండేది. ఇంట పొందిక, వెలుపల శాంతి, అన్నిటిలోకీ సుందరమైనవి ఇవే అని దాని భావం. 1871లో మిగిలిన ద్వారానికి మరమ్మతులు పూర్తిచేసినప్పుడు ఆ మాటలను కుదించి, ఊరి వెలుపలి వైపు బంగారు అక్షరాలతో దీని నుదుట పెట్టారు: 'కొంకోర్దియా దోమి ఫోరిస్ పాక్స్'. ఊరి వైపున ప్రాచీన రోమునగరపు పద్ధతిలో 'ల్యూబెక్ సెనేటు, ప్రజలు' అని సూచించే పొడి అక్షరాలు, 1477, 1871 అనే సంవత్సరాలు వేశారు. నిర్మాణం ముగిసినది 1478లో. శాసనాలలో ఇటువంటి తేడాలు కొత్తవి కావు.

నాకు వెలితిగా తోచేది ఆ కుదింపు. పొందికా మిగిలింది, శాంతీ మిగిలింది; 'అన్నిటిలోకీ సుందరం' అన్న మాట మాత్రం పాత ద్వారంతోనే పోయింది. నేడు హోల్‌స్టెన్‌టోర్ ముందు నిలబడి తలయెత్తి చదివేవారు మరొక ద్వారపు మాటలను, అవీ సగమే, చదువుతున్నారు.