మన్యం జ్వరం మనల్ని కాపాడిందా?

1879 మార్చిలో రంప తిరుగుబాటు మొదలైంది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం తట్టుకోలేక మన ముఠాదారులు, కొండరెడ్లు, కోయలు తిరగబడ్డారు. అణచడానికి వచ్చిన మద్రాసు సైన్యంలో చాలామంది చలిజ్వరంతో మంచం పట్టారు. అందుకే మన్యం జ్వరం మనకి కాపలా కాసిందని గొప్పగా చెప్పుకుంటాం.

కానీ ఒకటి ఆలోచించాలి. మలేరియా మళ్లీ మళ్లీ వచ్చినా బతికి బయటపడ్డవాళ్ల ఒంట్లోనే దాన్ని కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అది రాకముందే పసిపిల్లలు పోతారు. అంటే ఆ కాపలాకి మూల్యం చెల్లించింది మన గూడేల్లోని పసివాళ్లే. సైన్యం తన రోగుల లెక్క రాసుకుంది. మన పిల్లల లెక్క ఎవరు రాశారు?

అప్పట్లో దొరలు కొండగాలి చెడ్డదన్నారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. తప్పు మన కొండది కాదని అప్పుడు తేలింది.

ఇప్పటికీ ఊళ్లో ఎవరైనా పోతే "జ్వరమొచ్చి పోయాడు" అనేసి ఊరుకుంటాం. ఏ జ్వరమో, రక్తపరీక్ష చేశారో లేదో అడుగుదాం. పేరు, వయసు, కారణం రాయిద్దాం. లెక్కలోకి రాని చావుకి మందు కూడా రాదు.

జై ఆదివాసీ.