హైదరాబాదు నుంచి చికాగో దాకా

భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో ఓడ దిగి బోస్టన్‌లో అడుగుపెట్టారు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా ఒక్కసారీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇండియాలోనే ఉండిపోయారు. అప్పట్లో అది వారాల తరబడి సముద్ర ప్రయాణం.

1960 మే నెలలో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 లండన్ మీదుగా న్యూయార్క్ చేరడంతో ఆ వారాలు గంటల్లోకి వచ్చాయి. అయినా మనవాళ్లు ముందు బొంబాయి చేరాలి. హైదరాబాదు నుంచి నేరుగా అమెరికాకు విమానం 2021 జనవరి 15న గానీ మొదలుకాలేదు. చికాగోకి సుమారు 13,300 కిలోమీటర్లు, బోయింగ్ 777కి 16 గంటల పైచిలుకు పట్టింది. గోడమీది మ్యాపు చూసి మనం పడమటికి గీత గీస్తాం గానీ, గ్లోబు మీద దారం లాగి చూడండి: దగ్గర దారి దాదాపు ఉత్తరానికే సాగి 79 డిగ్రీల అక్షాంశం దాకా వెళ్లి దిగుతుంది! గాలిని బట్టి, దేశాల అనుమతులను బట్టి విమానం పక్కకు జరగడం వేరే లెక్క.

మనలో చాలామందికి ఈ లెక్కలు గుర్తొచ్చేది అర్ధరాత్రి ఇంటినుంచి ఫోను మోగినప్పుడే. టికెట్టు దొరకబుచ్చుకుని, మధ్యలో విమానం మారి, శంషాబాదులో దిగి కారులో ఊరు చేరేసరికి ఒకటిన్నర రోజు. అక్కడ ఫ్రీజరు తెప్పించి, కడచూపు కోసం మనల్ని కాచుకు కూర్చునేది ఆ ఒకటిన్నర రోజే.