పాత కెమెరా, కొత్త ఫిల్ము

బడి గ్రూపు ఫోటో అనగానే మూడు నాలుగు వరుసల పిల్లలు, నడుమ కుర్చీలలో ఉపాధ్యాయులు, ముందు వరుసలోని పిల్లవాని చేతిలో ఒక పలక గుర్తుకు వస్తాయి. ఆ పలకపై తరగతి, సంవత్సరం సుద్దతో వ్రాసి ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదువు సాగిన తిరుత్తణి, తిరువళ్ళూరు వంటి చోట్ల ఆ నాలుగు తెలుగక్షరాలకు చరిత్రలో ఒక విలువ కలదు.

తిరుత్తణి 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరిన తాలూకా. అది 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోను భాగమైనది. పటాస్కర్ నిర్ణయాన్ని అనుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసినది. ఆ రాష్ట్రం 1969లో తమిళనాడు అయినది. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరినది. 1952లో పలక పట్టిన బాలుడు, ఇల్లు కదలకుండానే ఎనిమిదేళ్ళలో మూడు సార్లు రాష్ట్రం మారినాడు! కనుక ఒక తరగతి ఫోటో 1959 నాటిదా, 1961 నాటిదా అన్నది చిన్న ప్రశ్న కాదు. పలకపై సుద్ద చెరిగిపోయిన చోట నెగటివు కొలతే కొంత సాక్ష్యం చెప్పగలదు. ఆ సాక్ష్యం అర్థం కావాలంటే పాత కెమెరాలను కొత్త ఫిల్ములకు అనువుగా మార్చుకొన్న తీరు కొంత తెలిసి ఉండాలి.

తొలినాళ్ళలో ఫిల్ము లేదు, గాజు పలకయే. 1851లో ఆర్చర్ కనుగొన్న తడి ప్లేటును ఫోటో తీసే ముందే సిద్ధం చేసి, ఆరక ముందే కడగవలసి వచ్చేది. 1871లో మాడాక్స్ పొడి ప్లేటు పద్ధతిని వెల్లడించిన తరువాత ప్లేట్లను ముందుగానే కొని దాచుకొనే వీలు కలిగినది. హైదరాబాదులో ఆరవ నిజాము కొలువులో ఖ్యాతి గాంచిన రాజా దీనదయాళ్ గాజు నెగటివులు వేల సంఖ్యలో నేటికీ నిలిచి ఉన్నవి. ప్లేట్లకు నిర్ణీతమైన కొలతలు ఉండేవి: ఫుల్ ప్లేటు ఆరున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర, హాఫ్ ప్లేటు నాలుగుంబావు తక్కువేమీ కాక నాలుగు ముప్పాతికకు ఆరున్నర, క్వార్టర్ ప్లేటు మూడుంబావుకు నాలుగుంబావు.

గాజు బరువు, పగిలే వస్తువు. 1885లో ఈస్ట్‌మన్, వాకర్ అనే ఇద్దరు అమెరికన్లు ప్లేటు పెట్టే చోటనే అమరే రోల్ హోల్డరును విక్రయానికి తెచ్చినారు. కెమెరా పాతదే, లెన్సు పాతదే. వెనుక భాగం మాత్రం కొత్తది. కోడక్ కెమెరా పుట్టినది ఆ తరువాత, 1888లో. అనగా కొత్త ఫిల్ము మొదట పాత కెమెరానే ఆశ్రయించి లోకంలోనికి వచ్చినదన్నమాట.

స్టూడియోలలో మూడు కాళ్ళ పీటపై నిలిచిన టేకు కెమెరాలకు మరొక ఉపాయం కుదిరినది. ప్లేటు కొలతకే కత్తిరించిన కట్ ఫిల్మును ఒక పలుచని రేకు తొడుగులో దోపి, ఆ తొడుగును ప్లేటు వలెనే డార్క్ స్లైడులో పెట్టేవారు. వినుటకు సులభమే. కాని గాజు బిగువుగా నిలుస్తుంది, ఫిల్ము వంగుతుంది. నల్లగుడ్డ కప్పుకొని గరుకు అద్దంపై ఫోకసు సరిచేసిన చోటికి, ఫిల్ముపై మందు పూసిన ముఖం నిలిచే చోటికి తేడా రాకూడదు. లెన్సు బాగా తెరచి తీసినప్పుడు మిల్లీమీటరులో కొంత భాగం తప్పినా వెనుక వరుస పిల్లల ముఖాలు స్పష్టంగానూ, ఉపాధ్యాయుల ముఖాలు మసకగానూ రావచ్చు. ఫోటోగ్రాఫరు చేతకానివాడని నిందపడిన కొన్ని చిత్రాలలో దోషం ఆ రేకు తొడుగుదే కావచ్చును.

రోల్ ఫిల్ముల కథ ఇంకొక తీరు. 120 అనే ఫిల్మును కోడక్ సంస్థ 1901లో నంబరు 2 బ్రౌనీ కెమెరా కొరకు తెచ్చినది. 1930ల ఆరంభంలో అదే సంస్థ 620 అనే మరొక దానిని ప్రవేశపెట్టినది. విచిత్రమేమంటే రెండింటిలోనూ ఫిల్ము ఒకటే, నల్లకాగితమూ ఒకటే. స్పూలు మాత్రమే సన్నము. కెమెరా పలుచన చేయుటకని చెప్పినా, కొన్నవారు తమ ఫిల్మునే కొనవలెనన్న వ్యాపార దృష్టి కూడా అందులో లేకపోలేదని తోచును. 620 దొరకని చోట ఆ కెమెరా చక్కని బొమ్మగా బీరువాలో కూర్చోవలసినదే. 1995లో కోడక్ దాని తయారీని మానివేసినది. 120 మాత్రం నేటికీ తయారవుతున్నది.

అందుకు విరుగుడు కష్టమైనది కాదు. రెండు ఖాళీ 620 స్పూళ్ళు ఉంటే చాలును. పూర్తి చీకటిలో 120 ఫిల్మును మొదటి స్పూలుపైకి చుట్టి, దాని నుండి రెండవ దానిపైకి మరల చుట్టవలెను. అప్పుడే ఆరంభపు కొస పైకి వస్తుంది. ఫిల్ము ఒక కొసన మాత్రమే కాగితానికి అతికి ఉంటుంది కనుక రెండవసారి చుట్టేటప్పుడు ఆ అతుకు వద్ద ఉబ్బు ఏర్పడుతుంది. దానిని మెల్లగా ఊడదీసి, సరిచేసి, తిరిగి అతికించవలెను. తొందరపడి అలాగే చుట్టితే ఫిల్ము ముడుత పడును. కొందరు ఇంత శ్రమపడక 120 స్పూలు అంచులను ఆకురాయితో అరగదీసి కెమెరాలో దూర్చేవారు. అప్పుడు కూడా చుట్టుకొనే వైపున 620 స్పూలే ఉండవలెను. వెనుకనున్న ఎర్ర అద్దపు కిటికీ మరొక చిక్కు. ఎరుపు వెలుగు సోకని పాతకాలపు ఫిల్ములకు అది పెట్టినది. పాంక్రొమాటిక్ ఫిల్ముపై ఎరుపు కూడా పనిచేయును కనుక అంకె చూచిన వెంటనే కిటికీని మూసివేయవలెను.

స్వాతంత్ర్యానంతరం దిగుమతులపై ఆంక్షలున్న ఏళ్ళలో ఫిల్ము అపురూపమైన వస్తువు. నీలగిరులలోని ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి ఆరంభించి ‘ఇందు’ పేరుతో ఫిల్ములు అందించినది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా 120 ఫిల్ముపై పన్నెండు చదరపు బొమ్మలు తీసేది. మధ్యతరగతి ఇండ్లలో పెండ్లి, పుట్టినరోజు, బడి పండుగల చిత్రాలు అనేకం అటువంటి పెట్టెలలో పుట్టినవే.

చలనచిత్ర రంగంలోనూ ఇటువంటి మార్పే జరిగినది. 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. సినిమాస్కోపునకు 35 మిల్లీమీటర్ల ఫిల్మే వాడుతారు. లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ముపై దించును. థియేటరులోని లెన్సు దానిని మరల విప్పి వెడల్పాటి తెరపై పరచును.

ఇక ఇంటి పెట్టెలలోని నెగటివుల మాట. అంచుల వెంట రంధ్రాలుండి 24కు 36 మిల్లీమీటర్ల కొలత ఉంటే అది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. సుమారు 6 సెంటీమీటర్లకు 6, లేదా 6కు 9 ఉంటే 120 గాని 620 గాని. ఫిల్ము ఒకటే కనుక వాటిని వేరుచేసి చెప్పుట సాధ్యం కాదు. సుమారు 4కు 4 ఉంటే 127. క్వార్టర్ ప్లేటు కొలతలో ఉండి, మూలన చిన్న గంటు కనిపిస్తే అది కట్ ఫిల్ము. చీకటిలో ఫిల్ము రకాన్ని వ్రేలితో గుర్తించుటకు ఆ గంటు. అంచున ‘ఇందు’ పేరు ఉన్నచో ఆ బొమ్మ 1967కు ముందుది కానేరదు. పులిసిన వాసన వచ్చే ఫిల్మును తక్కినవాటి నుండి వేరుచేసి, కాగితపు కవరులో గాలి తగులునట్లు ఉంచవలెను. గాజు ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చక నిలువుగా ఉంచుట మేలు.

నెగటివును వెలుగుకు పట్టి చూచినప్పుడు నల్లని పలక తెల్లగాను, సుద్ద అక్షరాలు నల్లగాను కనిపించును. ఆ అక్షరాలు అద్దంలో వలె తిరగబడి ఉంటే నెగటివు రెండవ వైపు త్రిప్పి చూడవలెను.