వ్యసన చికిత్స తరువాత కౌమారులు: వరాఛా, సూరత్

మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్స పొందిన పిల్లలు ఆ తరువాత ఏళ్ల తరబడి మత్తు జోలికి పోకుండా చదువు, పని, ఇల్లు, స్నేహాలను నిలబెట్టుకోవడమే దీర్ఘకాలికంగా కోలుకోవడం. ఇందులో ఆసుపత్రిలో జరిగేది చిన్న భాగం. ఒంట్లోంచి మత్తు దిగడానికి సాధారణంగా రెండు మూడు వారాలకు మించి పట్టదు. అసలు కాలం ఇంటికి తిరిగొచ్చాకే మొదలవుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 ప్రకారం వ్యసన లక్షణాలు మూడు నెలలు కనబడకపోతే తొలి ఉపశమనం, ఏడాది దాటితే స్థిర ఉపశమనం. ఈ లెక్కలోంచి తహతహను మాత్రం మినహాయించారు. అది ఏళ్ల తరువాత కూడా తలెత్తవచ్చు. కోరిక పుట్టిందని పిల్లవాడు చెబితే, మళ్లీ మొదలుపెట్టాడని ఇంట్లోవాళ్లు కంగారుపడటం వల్ల చికిత్సకు జరిగే కీడు ఎక్కువ.

పెద్దవాడు మానేస్తే తిరిగి వెళ్లడానికి ఉద్యోగమో సంసారమో ఉంటుంది. పద్నాలుగేళ్లకే మత్తులో పడినవాడికి అలాంటి చోటు లేదు. కోపం వస్తే ఏం చేయాలో, సాయంత్రం ఎలా గడపాలో కూడా అప్పుడే నేర్చుకోవాలి. తొందరపాటును అదుపుచేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల ప్రాంతం దాకా ఎదుగుతూనే ఉంటుంది. వ్యసనం తిరగబెట్టే తీరూ వేరు. పెద్దలు దిగులుతోనో ఒంటరితనంతోనో మళ్లీ మొదలుపెట్టడం ఎక్కువైతే, కౌమారులు స్నేహితుల మధ్య, వాళ్ల బలవంతం మీద మొదలుపెడతారని అమెరికాలో పరిశోధకురాలు శాండ్రా బ్రౌన్ బృందం 1980ల చివర గుర్తించింది. అక్కడే గంజాయి వాడిన 600 మంది పిల్లలపై జరిపి 2004లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఏడాది తరువాత కోలుకున్న స్థితిలో ఉన్నవారు దాదాపు నాలుగో వంతే. తక్కినవారిలో చాలామంది మానడం, మళ్లీ పట్టుకోవడం మధ్య ఊగిసలాడారు. కాబట్టి ఒక్కసారి తిరగబెట్టినంత మాత్రాన చికిత్స విఫలమైందనుకోకూడదు.

వాడిన పదార్థాన్ని బట్టి తరువాతి జాగ్రత్త మారుతుంది. ఎమ్‌డీగా పిలిచే మెఫెడ్రోన్‌ను భారతదేశం 2015లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. దాని వ్యసనానికి ప్రత్యేకమైన మందు లేదు, కౌన్సెలింగే ఆధారం. నల్లమందు జాతి మత్తులకు బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులున్నాయి కాని అక్కడ ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. కొన్నాళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది, అదే మోతాదు మళ్లీ తీసుకుంటే ప్రాణం పోవచ్చు. పీల్చే మత్తుల సంగతి మరీ ఆందోళనకరం. 2019లో విడుదలైన ఎయిమ్స్ జాతీయ సర్వేలో పెద్దల (0.58 శాతం) కన్నా పిల్లల్లో (1.17 శాతం) వాడకం ఎక్కువగా కనబడింది ఈ ఒక్క రకంలోనే.

వరాఛా సూరత్ నగరానికి తూర్పు వైపున్న వజ్రాల పేట. అమ్రేలీ, భావ్‌నగర్ వైపు నుంచి వచ్చిన సౌరాష్ట్ర కుటుంబాలు ఇక్కడ సానపట్టే కార్ఖానాల చుట్టూ స్థిరపడ్డాయి. పని చేసిన రాళ్ల లెక్కన కూలి. దీపావళికి కార్ఖానాలు వారాల తరబడి మూత. చిన్న వయసులోనే చేతికి డబ్బు, తరువాత ఒక్కసారిగా ఖాళీ. కోలుకుంటున్న కుర్రవాడికి ఈ రెండూ గండాలే. గుజరాత్‌లో 1960 నుంచి మద్యనిషేధం ఉన్నా 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో కల్తీ సారా పదుల ప్రాణాలు తీసింది. నిషేధం ఉన్నంత మాత్రాన పిల్లవాడి కంట మత్తు పడదనుకోలేం. అజయ్ తోమర్ కమిషనరుగా ఉన్న కాలంలో సూరత్ పోలీసులు ‘నో డ్రగ్స్ ఇన్ సూరత్ సిటీ’ ప్రచారం నడిపారు. పట్టివేతలు పత్రికల్లో కనబడతాయి, చికిత్స ముగించి ఇంటికొచ్చిన కుర్రవాడి రెండో ఏడాది ఎవరికీ వార్త కాదు. ప్రభుత్వ చికిత్స కావలసినవారికి న్యూ సివిల్ ఆసుపత్రి, వరాఛాకు దగ్గరలో ఉమర్‌వాడాలోని స్మిమేర్ ఆసుపత్రి ఉన్నాయి. దేశవ్యాప్త సహాయ ఫోన్ నంబరు 14446.

సూరత్ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది వరాఛాలో కాదు. లింబాయత్, పర్వత్ పాటియా వైపు, మరమగ్గాల బస్తీల్లో. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు వీరిలో అధికం. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. ఇలాంటి ఇళ్లలో కుర్రవాడు హిందీలోనో గుజరాతీలోనో కౌన్సెలర్‌తో మాట్లాడగలడు. తల్లి, నాయనమ్మ మాట్లాడలేకపోవచ్చు. కౌమార చికిత్సలో కుటుంబంతో కూర్చోబెట్టి మాట్లాడటమే కీలకం కనుక, వాళ్ల భాష వచ్చినవాళ్లు ఒక్కరైనా లేకపోతే చికిత్సలో సగం ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

చికిత్స ముగిశాక పిల్లవాడే వస్తాడని ఎదురుచూడకుండా కౌన్సెలరే ఇంటికి వెళ్లే పద్ధతిని ఇల్లినాయ్‌లో గాడ్లీ దంపతులు రూపొందించారు. కోలుకుంటున్న పిల్లలకే ప్రత్యేకమైన ఉన్నత పాఠశాలలూ అమెరికాలో ఉన్నాయి. 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల తరువాత మత్తుకు పూర్తిగా దూరంగా ఉన్నవారు ఆ బడుల్లో 59 శాతం, మామూలు బడుల్లో 30 శాతం. మనదేశంలో 2020 ఆగస్టు 15న మొదలైన నశాముక్త్ భారత్ అభియాన్ తొలుత 272 జిల్లాలను ఎంచుకుంది. దాని బలం అవగాహన కల్పించడంలోనే ఎక్కువ; తరువాతి ఏళ్లలో వెన్నంటి ఉండే మనిషిని ఇవ్వడం ఇంకా కష్టమైన పని.

చట్టం కొంత అండ ఇస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకానికో స్వల్ప పరిమాణానికో సంబంధించిన కేసున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ కింద పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అదే చట్టంలోని 24వ సెక్షన్ బాల్యంలో పడిన కేసు పెద్దయ్యాక అనర్హతగా వెంటాడకుండా చూస్తుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వయసు వచ్చాక ఆ కుర్రవాడికి అన్నిటికన్నా పనికొచ్చేది బహుశా ఇదే.