దుమ్ లేని అబ్దుల్లా

మా ఇంటికి చేప వచ్చిన రోజు నానీమా కడగడానికి కూర్చుని, ముందు తోకలు చూపించేవారు. కొరమేను తోక గుండ్రంగా ఉంటుంది. పొంచి ఉండి ఒక్క ఉదుటున దూకే చేపకు అది చాలు. వంజరం తోక అచ్చం హిలాల్. సముద్రంలో దూరాలు ఈదేదానికి అలాంటిదే కావాలి. తోకల తర్వాత జల్‌పరీ కిస్సా ఎలాగూ వచ్చేది.

చేప తోక నిలువుగా ఉండి కుడి ఎడమలకు ఊగుతుంది. తిమింగలం, డాల్ఫిన్, డుగాంగ్‌ల తోక పరిచినట్టు అడ్డంగా ఉండి పైకీ కిందకీ ఆడుతుంది. అవి పిల్లలకు పాలిచ్చే జంతువులు. వాటి పూర్వీకులు నేల మీద నడిచినవే. 1493 జనవరిలో కొలంబస్ కరేబియన్ దీవుల దగ్గర మూడు జల్‌పరీలను చూశానని, బొమ్మల్లో ఉన్నంత హుస్న్ వాటికి లేదని రాసుకున్నాడు. బహుశా అవి మనాటీలు. వాటి చుట్టం డుగాంగ్ ఎర్ర సముద్రంలోనూ, మన మన్నార్ సింధుశాఖలోనూ ఉంది. ఇక అవధ్ ఆఖరి నవాబ్ వాజిద్ అలీ షా తన సిక్కాల మీదే జల్‌పరీలను వేయించుకున్నాడు. 1856లో అంగ్రేజులు తఖ్త్ లాక్కున్నారు, అది వేరే దాస్తాన్.

నానీమా చెప్పిన కిస్సా అల్ఫ్ లైలాలోదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1839-42లో కలకత్తాలో అచ్చయిన అరబీ ప్రతిలోనూ అది ఉంది. ఇంటినిండా పిల్లలున్న గరీబు జాలరి అబ్దుల్లా. అతని వలలో చేప తోకున్న మనిషి పడతాడు. అతని పేరూ అబ్దుల్లాయే! ఇద్దరికీ దోస్తీ కుదురుతుంది. ఇతను పండ్లు ఇస్తే అతను జవాహరాత్ ఇస్తాడు. ఒకరోజు జాలరిని సముద్రం అడుక్కి తీసుకెళ్తే, అక్కడ అందరికీ తోకలే. పిల్లలు, ఆడవాళ్లు, చివరికి బాద్‌షా కూడా ఇతన్ని చూసి ఒకటే నవ్వు, దుమ్ లేదని. అక్కడికి రాగానే నానీమా మా నడుం వెనక తడిమి, "అరే, తేరీ దుమ్ కాఁ గయీ?" అనేవారు. కిస్సా అక్కడితో ఖతమ్.

మిగతాది నానీమా ఇంతెఖాల్ అయ్యాక చదివాను. మదీనాలో హుజూర్ (స.అ.స.) రౌజా దగ్గర అప్పగించమని సముద్రపు అబ్దుల్లా ఒక సంచి అమానత్‌గా ఇస్తాడు. తిరిగి వస్తుంటే దారిలో దావత్, పాటలు. షాదీయా అని అడిగితే, కాదు, మయ్యత్ అంటాడు. మేమైతే ఏడుస్తాం అంటాడు జాలరి. అల్లాహ్ తన అమానత్ తాను తీసుకుంటే ఏడ్చేవాళ్లకు నా అమానత్ ఎలా అప్పగించను అని అతను సంచి వెనక్కి లాక్కుంటాడు. ఆ తర్వాత ఒడ్డున నిలబడి ఎంత పిలిచినా రాడు.

నన్నడిగితే ఖతా సముద్రపు అబ్దుల్లాదే. కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు హుజూర్ (స.అ.స.) కళ్లే చెమ్మగిల్లాయి కదా.

నానీమా ఈ భాగం ఎందుకు దాచారని అమ్మీని అడిగాను. నేను పుట్టకముందు ఒక మామూ ఉండేవాడట, ఏడేళ్లకే పోయాడట. నానీమా చాలా ఏడ్చారట.

ఇప్పుడు చేప కడుగుతుంటే నా కూతురు పక్కన చేరుతుంది. నేనూ దుమ్ దగ్గరే ఆపేస్తున్నాను.