కొట్టు కట్టేశాక కదిలిన బొమ్మ

‘మానెక్విన్’ (1987) సినిమా కోసం నటి కిమ్ కాట్రాల్ ఒక శిల్పి ముందు వారాల తరబడి నిలబడిందట. ఆమె పోలికతో ఆరు బొమ్మలు చేశారు, ఒక్కోదాని మొహంలో ఒక్కో భావం. మన బట్టల షాపుల్లో పట్టుచీర కట్టుకుని నిలబడే బొమ్మలన్నిటికీ ఒకటే మొహం కదా! ఈ ముచ్చట తెలిశాక సినిమాకన్నా అది తీసిన కొట్టు మీదికి మనసు పోయింది.

తెర మీద దాని పేరు ప్రిన్స్ అండ్ కంపెనీ. అసలది ఫిలడెల్ఫియాలోని వానమేకర్స్. పగలు అమ్మకాలు, రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా షూటింగు. కథలో బొమ్మకి ప్రాణం వచ్చేదీ ఎక్కువగా ఆ వేళలోనే.

జాన్ వానమేకర్ 1876లో పాత రైల్వే గూడ్స్ షెడ్డులో ఈ కొట్టు తెరిచాడు. బేరాల్లేవు, చీటీ మీద రాసిందే ధర. నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకునేవాడు.

నాకు అసలు ఇష్టం 1911. అదే చోట డేనియల్ బర్నమ్ గీసిన కొత్త భవనం లేచింది, మధ్యలో ఏడంతస్తుల ఎత్తు హాలుతో. ఆ హాలుకోసం, 1904 సెయింట్ లూయీ ప్రదర్శనలో మోగిన పైప్ ఆర్గన్‌ని వానమేకర్ కొన్నాడు. పదమూడు గూడ్స్ పెట్టెల్లో వచ్చింది, బిగించడానికి రెండేళ్లు పట్టింది. జూన్ 22న, లండన్‌లో అయిదో జార్జికి కిరీటం పెడుతున్న వేళకే ఇక్కడ తొలిసారి మోగించారు. వ్యాపారికి ముహూర్తబలం మీద ఎంత గురో! పదివేల పైచిలుకు గొట్టాలున్నా ఆ హాలుకి శబ్దం చాల్లేదు. కొట్టు అటక మీదే కార్ఖానా పెట్టించి పెంచుతూ పోయారు. 1930 నాటికి గొట్టాలు 28 వేలు దాటాయి. అదే ప్రదర్శన నుంచి తెచ్చిన కంచు గద్ద పదకొండు క్వింటాళ్ల పైమాటే. దాని బరువుకి నేల కింద ప్రత్యేకంగా దూలాలు వేశారు. ‘గద్ద దగ్గర కలుద్దాం’ అనడం ఊరికి అలవాటైపోయింది. జేబులో పైసా లేనివాడూ అక్కడ నిలబడి ఆర్గన్ వినేవాడు. ఇప్పటి మాల్‌లో స్పీకరు పాట మన చెవి కోసం కాదు, పర్సు కోసం.

1911 నుంచి డెబ్భై ఏళ్లు ఒక్క గెంతులో దాటితే, 1981లో ‘బ్లో అవుట్’ సినిమా. అందులో జాన్ ట్రవోల్టా జీపు ఈ కొట్టు అద్దాల్లోకే దూసుకుపోతుంది.

1995లో వానమేకర్ బోర్డు దిగింది. ఆ తర్వాత ఎన్ని బోర్డులో! ఆఖరిది మేసీస్, అదీ 2025 మార్చిలో మూతపడింది. ‘మానెక్విన్’లో ప్రిన్స్ అండ్ కంపెనీ కూడా నష్టాల్లోనే ఉంటుంది. కిటికీలో బొమ్మని చూడటానికి జనం ఎగబడి దాన్ని గట్టెక్కిస్తారు.